చిన్న వాగులో నింఫ్: రంగు తర్వాత, ముందు బరువు చూడండి

ఫ్లై ఫిషింగ్ అంటే కొక్కెం మీద పురుగులా కట్టిన నకలుతో, అంటే ఫ్లైతో, చేపలు పట్టడం. అందులో ట్రౌట్ చేప పడకపోతే చాలామంది వెంటనే పెట్టె తెరిచి ఇంకో రంగు ఫ్లై వెతుకుతారు. నేను రంగు జోలికి చివర్లో వెళ్తాను. నింఫ్ అంటే వాగు అడుగున రాళ్లను పట్టుకుని బతికే పురుగు పిల్లకు నకలు. అది అడుగుదాకా దిగకపోతే ఏ రంగైతే ఏం లాభం?

అందుకే నా దగ్గర రకాలు తక్కువ, బరువులు ఎక్కువ. ఫెజెంట్ టెయిల్, హేర్స్ ఇయర్ అనే రెండు రకాల నింఫ్‌లు, అంతే. 14, 16 సైజు కొక్కేల మీద, ఒక్కోటీ 2 నుంచి 3 మిల్లీమీటర్ల దాకా వేర్వేరు టంగ్‌స్టన్ పూసలతో కడతాను. టంగ్‌స్టన్ ఇత్తడికి రెట్టింపు పైనే బరువు. ఫెజెంట్ టెయిల్ నింఫ్‌ని తయారుచేసిన ఫ్రాంక్ సాయర్ కూడా దారం వదిలేసి సన్న రాగితీగతో చుట్టాడు, ఫ్లై మునగడానికి. వేసిన ప్రతిసారీ రాళ్లలో ఇరుక్కుంటుంటే పూస తగ్గించండి. ఒక్కసారీ అడుగు తగలకపోతే పెంచండి. అప్పుడప్పుడు 'టిక్'మని తగిలితే సరిపోయినట్టే.

ఇక అసలు తిప్పలు డ్రాగ్‌తోనే. పైనీరు వేగంగా పోతుంది, అడుగునీరు మెల్లగా. లైన్, అంటే గాలపు కర్ర నుంచి వచ్చే లావు దారం, పైనీటి మీద పడిందా, నింఫ్‌ని ఈడ్చుకుపోతుంది. అదే డ్రాగ్. అలా పరిగెత్తే పురుగును ట్రౌట్ నమ్మదు. చిన్న వాగులో దీనికి మందు ఒకటే: దగ్గరికి వెళ్లడం. ట్రౌట్ ఎదురునీటికి తలపెట్టి ఉంటుంది కాబట్టి దిగువ నుంచి, వంగి, రెండు కర్రల దూరం దాకా వెళ్లొచ్చు. అయితే గుంట చివర పల్చటి నీళ్లలో ఉన్న చేపను ముందు చూసుకోండి. అది బెదిరి పైకి పరిగెత్తితే మిగతావన్నీ దాక్కుంటాయి.

ఎగువకు వేసి, కర్రను కాస్త ఎత్తులోనే గట్టిగా ఆపండి. లైన్ చివర కట్టే, సన్నబడుతూ పోయే లీడర్ దారం కిందికి మడుచుకుని నింఫ్ ముందుగా నీళ్లలో పడుతుంది. ఆ వెంటనే కర్ర కొన లేపి, లైన్‌తో పాటు లీడర్ లావు భాగాన్నీ గాల్లోనే ఉంచండి. నీళ్లలోకి లీడర్ కొసన ఉండే సన్న దారం, అంటే టిప్పెట్ ఒక్కటే దిగాలి. 5ఎక్స్ మందం, అంటే సుమారు 0.15 మిల్లీమీటర్లు, చాలు. నింఫ్ మీవైపు వస్తున్నకొద్దీ కొనను అదే వేగంతో జరుపుతూ వదులు తీసుకోండి. లాగకండి.

టిప్పెట్‌కి పైన రంగు నైలాన్ ముక్క ఒకటి కట్టుకుని, కన్ను దానిమీదే పెట్టండి. ఆగినా, వణికినా, ఉన్నట్టుండి మునిగినా చేపే అనుకుని మణికట్టుతో చిన్నగా, దిగువవైపు పక్కకి లాగండి. కొక్కెం నోటి మూలన గుచ్చుకుంటుంది. తప్పినా ఫ్లై నీళ్లలోనే ఉంటుంది. పైకి ఎగలాగితే కొమ్మల్లో చిక్కుకుంటుంది, దాన్ని విడిపించే లోపు గుంటంతా బెదిరిపోతుంది.

డ్రిఫ్ట్, అంటే నింఫ్ నీటితో పాటు కొట్టుకురావడం, అయిపోగానే తీసేయొద్దు. కొనను నిదానంగా ఎత్తండి. పైకి తేలే పురుగులాగే నింఫ్ లేస్తుంది, చాలాసార్లు అందుకునేది అప్పుడే.

మడమ లోతు నీళ్లలో ఈ పద్ధతి కుదరదు. అక్కడ బాగా తేలే డ్రై ఫ్లై కొక్కెం వంపుకి అర మీటరు టిప్పెట్ కట్టి, దాని చివర పూసలేని నింఫ్ వేయండి.