నమ్మకాల మీద ఇంట్లో గొడవ: 22 నిమిషాల ఎపిసోడ్ రాయడం ఎలా

అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోగా సీరియల్ రచయిత చేతికొచ్చేది దాదాపు 22 నిమిషాలు. ఆరేడు సీన్లకు మించి పట్టవు. అందుకే వన్‌లైన్ ఆర్డర్ (ఒక్కో సీన్‌కు ఒక్కో వాక్యం చొప్పున రాసుకునే వరుస) వేయకముందే రెండు వాక్యాలు రాసుకోండి: ఒకరు దేనికి పట్టుబడుతున్నారు, రెండోవారు ఎందుకు కాదంటున్నారు. వాటిలో "మతం", "ఆచారం", "పరువు" అన్న మాటలు వచ్చాయంటే కథ ఇంకా దొరకలేదన్నమాట.

ఉదాహరణకు, తండ్రి పోయాడు. ఒక్కగానొక్క కూతురు పెళ్లయ్యాక బాప్తిస్మం తీసుకుంది. తల్లి మాట: "పొలం కోసం ఆయన్ని కోర్టుకీడ్చిన తమ్ముడి చేత తలకొరివి పెట్టించను, నువ్వే పెట్టాలి." కూతురి మాట: "నమ్మకం లేకుండా చేస్తే నాన్నని మోసం చేసినట్టే." ఇద్దరిదీ ఆయన మీద ప్రేమే. గొడవకు బలం అక్కడుంది.

గడువు పొద్దుగూకేలోపు. దాన్ని డైలాగ్‌లో చెప్పించకండి. పాడె కోసం వెదుళ్లు నరుకుతున్న చప్పుడు మొదటి సీన్ నుంచీ వినిపిస్తే చాలు.

సీన్ పేపర్‌లో (డైలాగులతో సహా రాసిన సీన్‌లో) పేజీకి సుమారు నిమిషం లెక్క. మూడో నిమిషంలోపు తల్లి అడిగేయాలి. తల్లీకూతుళ్ల అసలు సీన్‌ను మాత్రం 14వ నిమిషం దాకా ఆపి, 5 పేజీలు ఇవ్వండి. ముందే తేల్చేస్తే మిగతాదంతా అదే గొడవ మళ్లీ మళ్లీ. ఈలోగా వచ్చేవాళ్లంతా సాయం చేయబోయి కూతురి పని మరింత కష్టం చేయాలి. బాబాయి "నేను పెడతాలేమ్మా" అని నిజంగానే ఏడవాలి; అతన్ని విలన్ చేస్తే తల్లి పంతానికి పదునుండదు. పాస్టర్‌గారు "నీ మనస్సాక్షి ఎలా చెబితే అలా చెయ్యమ్మా" అని వెళ్లిపోతారు. ఆమెకు చాటు లేకుండా పోతుంది.

దుఃఖంలో ఉన్నవాళ్లు సిద్ధాంతాలు మాట్లాడరు. తల్లి బీరువాలో భర్త పంచెలు లెక్కపెడుతూ అడగాలి. రోజూ "అమ్మలూ" అనే మనిషి ఇవాళ పేరు పెట్టి పిలిస్తే కోపం తెలిసిపోతుంది. ఎవరి మాటైనా నాలుగు వరుసలు దాటితే కోసేయండి. కోపం ఎదుటి మనిషి మీదే ఉండాలి, వాళ్ల దేవుడి మీదకు వెళ్లకూడదు. మతాలను కించపరచడాన్ని 1994 కేబుల్ టీవీ నిబంధనల్లోని ప్రోగ్రామ్ కోడ్ కూడా ఒప్పుకోదు.

భుజాన నీళ్లకుండ, మూడు చుట్లు, చుట్టుకో చిల్లు: చివరి 3 నిమిషాలకు మాటలక్కర్లేదు. అయితే ఈ పద్ధతి కులాన్నిబట్టి, ఊరినిబట్టి మారుతుంది. కొన్ని ఇళ్లలో పూడ్చిపెడతారు. ఆ ఇంటి తీరు తెలిసిన పురోహితుడికి సీన్ చదివి వినిపించండి. చర్చి సంగతీ అంతే: ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లు ఫాదర్ అంటారు, బాప్టిస్టులు పాస్టర్ అంటారు. కలిపేస్తే ఆ ఇళ్లలో టీవీ కట్టేస్తారు.

నిర్ణయం నమ్మకం లోపలి నుంచే రావాలి. కె. విశ్వనాథ్ "సప్తపది" (1981)లో కథను తిప్పేది ఎవరి ఉపన్యాసమూ కాదు, కట్టుకున్న భార్యలో అర్చకుడైన భర్తకు అమ్మవారు కనిపించడం. చివర్లో గుండెపోటో, గాలికి ఆరని దీపమో తెచ్చి ముడి విప్పితే, చూసేవాళ్లు అంతసేపూ పడ్డ బాధంతా వృథా.

ఫ్రీజ్ (ఎపిసోడ్ చివర కదలకుండా ఆగిపోయే బొమ్మ) కూతురు కుండ ఎత్తుకున్నాక వేయండి. ముందే వేస్తే రేపటి ఎపిసోడ్ "ఎత్తుతుందా లేదా" దగ్గరే నానుతుంది. తర్వాత వేస్తే, ఆదివారం ఆరాధనలో ఎక్కడ కూర్చుంటుందన్న చోట మొదలవుతుంది.