ఇంటి కంప్యూటర్ మరమ్మతు – 6వ పాఠం: హార్డ్ డిస్క్ మొరాయిస్తే

పోయిన పాఠంలో ర్యామ్ ఊడదీసి, తుడిచి, మళ్లీ బిగించడం దాకా వచ్చాం. అభ్యాసం చేసినవాళ్లకు క్యాబినెట్ పక్క రేకు తీయడం, కరెంటు పంచే ఎస్‌ఎమ్‌పీఎస్ పెట్టె నుంచి వచ్చే తీగల్లో ఏది ఎక్కడికి పోతుందో ఇప్పటికి అలవాటై ఉంటుంది. ఈసారి హార్డ్ డిస్క్. ర్యామ్ పోతే కొత్తది కొనుక్కుంటాం, అంతటితో సరి. డిస్క్ పోతే దాంతోపాటు పెళ్లి ఫోటోలు, పట్టాదారు పాసు పుస్తకం స్కాన్ కాపీలు, పిల్లల ప్రాజెక్టులు అన్నీ పోతాయి. కాబట్టి ఏం చేయాలో చెప్పేముందు, ఏం చేయకూడదో చెప్తాను.

డిస్క్ మీద అనుమానం వచ్చిన క్షణం నుంచి, అందులోని సరుకు వేరే చోటికి చేరేదాకా, దాని మీద ఏదీ రాయించొద్దు. చదివించడం ఒక్కటే. ఫార్మాట్, స్కాన్ అండ్ ఫిక్స్, డీఫ్రాగ్, విండోస్ మళ్లీ ఎక్కించడం, ఇవన్నీ రాసే పనులే. చాలా ఇళ్లలో డేటాను చంపేది డిస్క్ జబ్బు కాదు, కంగారులో నొక్కిన ఓకే బటన్.

తిరుపతిలో సత్రం చూడనివాళ్లు ఉండరు కాబట్టి డిస్క్‌ను సత్రం అనుకుందాం. గదులు ఉంటాయి, ఏ గదిలో ఎవరున్నారో రాసిన రిజిస్టర్ ఉంటుంది, సత్రానికి పోయే దారి ఉంటుంది. గదులంటే డిస్క్ లోపల తిరిగే పళ్లెం మీది సెక్టార్లు, డేటా దాచే చిన్న చిన్న ముక్కలు. రిజిస్టర్ అంటే ఫైల్ సిస్టమ్, మన విండోస్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్. దారి అంటే కేబుల్, పోర్టు, కరెంటు. జబ్బు ఈ మూడింట్లో ఎక్కడుందో తేల్చుకోకుండా మందు వేయకూడదు.

ముందు చెవి పెట్టి వినండి

క్యాబినెట్ తెరిచి, స్విచ్ వేసి, డిస్క్ పక్కన చెవి పెట్టండి. మామూలు డిస్క్ నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంది. సన్నగా జుయ్యిమంటుంది, చదివేటప్పుడు మధ్యమధ్య గరగరలాడుతుంది. అది ఆరోగ్యం.

టక్, టక్, టక్ అని ఒకే లయలో కొట్టుకుని, కాసేపటికి తిరగడం ఆగిపోతే, చదివే హెడ్డు తన చోటు వెతుక్కోలేక అల్లాడుతోందని అర్థం. వెంటనే కరెంటు తీసేయండి. ఇంకోసారి ఆన్ చేసి చూద్దామనే ఆశ వద్దు. ప్రతిసారీ హెడ్డు పళ్లేన్ని గీకే ప్రమాదం ఉంది. హెడ్డుకూ పళ్లేనికీ మధ్య ఎడం కొన్ని నానోమీటర్లే. దుమ్ము రేణువు దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది. అందుకే ఇంట్లో డిస్క్ మూత విప్పడమంటే దాన్ని చంపడమే. ఫ్రిజ్‌లో పెడితే లేస్తుందని చెప్పేవాళ్లున్నారు. బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది, ఉన్న కాస్త అవకాశమూ పోతుంది. ఈ స్థితిలో డేటా నిజంగా కావాలంటే దుమ్ములేని గది ఉన్న రికవరీ ల్యాబ్‌కు, అంటే చెన్నైకో బెంగళూరుకో పోవాల్సిందే. ఖర్చు ఎక్కువ. ఫోటోల విలువ ఎంతో మీరే తేల్చుకోవాలి.

చప్పుడు లేదు, చేత్తో తాకితే అదురు కూడా లేదు అంటే సంతోషించండి. కరెంటు తీగ దగ్గరే తప్పు ఉండొచ్చు. ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, చిప్పుల డిస్క్) అయితే బాగున్నా, పోయినా మౌనమే కాబట్టి ఈ పరీక్ష దానికి పనికిరాదు.

దారి

స్విచ్ బోర్డులో ప్లగ్ పీకండి. పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. డిస్క్‌కు రెండు సాటా తీగలు ఉంటాయి: సన్నది, 7 పిన్నులది డేటా తీగ, వెడల్పుది, 15 పిన్నులది కరెంటు తీగ. రెండూ పీకి గట్టిగా పెట్టండి. డేటా తీగ వేరేది మార్చి చూడండి, మదర్‌బోర్డు మీద పోర్టు కూడా మార్చండి. చవక తీగలకు ఇనుప క్లిప్ ఉండదు. ఫ్యాన్ల అదురుకు అవి మెల్లగా వదులవుతాయి. ఎక్స్‌టర్నల్ డిస్క్ అయితే క్యాబినెట్ ముందు వైపు పోర్టు మాని వెనక వైపు పోర్టుకు పెట్టండి.

తర్వాత ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి, పోండి. అక్కడ డిస్క్ పేరు కనిపిస్తోందా? కనిపిస్తే దారి చాలావరకు బాగున్నట్టే.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. పాత కంప్యూటర్లో బిళ్ల లాంటి సీఆర్ 2032 బ్యాటరీ అయిపోతే బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి. అందులో సాటా మోడ్ (డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకో రైడ్‌కో మారిపోయిందంటే విండోస్ బూట్ కాక నీలి తెర చూపిస్తుంది. డిస్క్ పోయిందని అంటారు, కొత్తది కొనిపిస్తారు. గడియారం చూడండి. తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంటే ముందు బ్యాటరీ మార్చి, సాటా మోడ్ పాతదానికే తిప్పండి. కిరాణా కొట్లో కూడా దొరికే బ్యాటరీ అది.

రిజిస్టర్

చిత్తూరు నుంచి ఒక చదువరి అడిగారు: “సార్, ఈ డ్రైవ్ తెరిస్తే ఫార్మాట్ జేయమంటా ఉండాది. జేసేయమంటారా?”

వద్దు సామీ. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ క్యాన్సిలే. రిజిస్టర్‌లో ఒక పేజీ చిరిగింది, విండోస్ చదవలేకపోతోంది, కొత్త రిజిస్టర్ మొదలుపెట్టనా అంటోంది. గదుల్లో మనుషులు ఇంకా ఉన్నారు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. అక్కడ పార్టిషన్ పక్కన ‘రా’ (ఇంగ్లీషులో RAW) అని ఉంటే రిజిస్టర్ దెబ్బతిన్నట్టు. ‘నాట్ ఇనిషియలైజ్డ్’ అని పెట్టె వస్తే దానికీ ఓకే కొట్టొద్దు. అంతా బాగుండి డ్రైవ్ అక్షరం మాత్రం లేకపోతే రైట్ క్లిక్ చేసి అక్షరం ఇవ్వండి; అంతటితో జబ్బు నయం. (1 టీబీ డిస్క్ 931 జీబీ చూపించడం జబ్బు కాదు. తయారీదారు వెయ్యితో లెక్కేస్తాడు, విండోస్ 1024తో లెక్కేస్తుంది.)

చెక్‌డిస్క్ అనే పరికరం ఈ రిజిస్టర్‌ను సరిచేస్తుంది. మంచిదే, కానీ మొండిది. లెక్క కుదరని పేరు కనిపిస్తే కొట్టేస్తుంది. ఎవరిదో తెలియని సామాను ‘ఫౌండ్’ అనే పేరుతో మొదలయ్యే ఫోల్డర్లో కుప్ప పోస్తుంది. దాని కమాండ్ చివర స్లాష్ ఎఫ్ పెడితే రిజిస్టర్ దిద్దడం మాత్రమే. స్లాష్ ఆర్ అంటే దాంతోపాటు ప్రతి గదీ తట్టి చూడడం. కొనఊపిరితో ఉన్న డిస్క్ మీద స్లాష్ ఆర్ గంటల కొద్దీ నడిస్తే ఆ ఊపిరీ పోతుంది. అందుకే గదుల పరిస్థితి తెలుసుకోకుండా చెక్‌డిస్క్ జోలికి పోవద్దు.

గదులు

డిస్క్ తన ఆరోగ్యం తానే రాసుకుంటుంది. దాన్ని స్మార్ట్ అంటారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం ఆ లెక్క చూపిస్తుంది. పైన నీలం ఉంటే బాగుంది, పసుపు హెచ్చరిక, ఎరుపు ప్రమాదం. రంగుతో ఆగకండి, కింది పట్టిక చదవండి. అంకెలు మామూలుగా పదహారు ఆధారంగా ఉంటాయి, అంటే 10 అని కనిపిస్తే అసలు విలువ 16. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్‌కు పోయి రా వాల్యూస్‌ను దశాంశంలోకి మార్చుకోండి.

05వ వరస: పాడైన గదులు మూసేసి, బదులుగా అదనపు గదులు ఇచ్చిన లెక్క. కొద్దిగా ఉండి నెలల తరబడి కదలకపోతే ఫర్వాలేదు. వారం వారం పెరుగుతుంటే ఆ డిస్క్ ఇక మీది కాదనుకోండి.

సీ5: చదవలేకపోయిన, ఇంకా తీర్పు రాని గదులు. నాకు అన్నిటికన్నా భయం దీనితోనే, ఎందుకంటే వాటిలో మీ సరుకు ఇరుక్కుని ఉంటుంది. ఆ గదిలో కొత్తగా ఏదైనా రాసినప్పుడే డిస్క్ దాన్ని ఉంచాలో మూసేయాలో తేలుస్తుంది. అందుకే పూర్తి ఫార్మాట్ చేస్తే సీ5 సున్నా అవుతుంది, “చూశారా, బాగైపోయింది” అంటారు. బాగైంది పట్టిక మాత్రమే. లోపలున్న ఫైలు పోయింది, 05 పెరిగి ఉండొచ్చు.

సీ6 దాదాపు సీ5కు తోడబుట్టినదే. సీ7 మాత్రం దారి జబ్బు: తీగలో సమాచారం చెడిపోయిన లెక్క. తీగ మార్చినా ఆ అంకె తగ్గదు. పెరగడం ఆగిందా లేదా అనేదే చూడాలి. 09 అంటే ఎన్ని గంటలు పనిచేసిందో. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొనేటప్పుడు ఇది తప్పకుండా చూడండి. ఏడాదంతా ఆపకుండా నడిస్తే 8,760 గంటలు. “ఏడాదే వాడినా” అని 30,000 గంటల డిస్క్ చూపిస్తే, నవ్వి లేచి వచ్చేయండి.

నీలం రంగు చూసి నిశ్చింతగా పడుకోవచ్చా? లేదు. 2007లో గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కుల మీద చేసిన పరిశీలన ప్రకటించారు. చనిపోయిన డిస్కుల్లో సగానికి పైగా ముఖ్యమైన స్మార్ట్ లెక్కల్లో ఏ హెచ్చరికా ఇవ్వకుండానే పోయాయి. వేడికీ చావుకీ అనుకున్నంత గట్టి సంబంధమూ కనిపించలేదు. అయితే అవి చల్లటి డేటా సెంటర్లలోని డిస్కులు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో, తలుపు మూసిన చెక్క టేబుల్ అరలో క్యాబినెట్ పెట్టి, ఆ పరిశోధన చూపించి ధైర్యం తెచ్చుకోకండి. సీ2 వరస ఉష్ణోగ్రత చెప్తుంది. 50 దాటుతుంటే అర తలుపు తీసేయండి, ఫ్యాన్ల దుమ్ము దులపండి.

సరుకు బయటికి

సీ5 వరసలో సున్నా కాని అంకె కనిపించిందా, ఇక పరీక్షలు చాలు. అది సీ డ్రైవ్ ఉన్న డిస్క్ అయితే, విండోస్ నడుస్తున్నంతసేపూ ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. డిస్క్ ఊడదీసి, సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్‌తో వేరే కంప్యూటర్‌కు తగిలించండి. అది స్కాన్ చేయనా అంటే వద్దనండి. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల కీ అడిగితే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో వెతకండి.

ఎక్కడా మళ్లీ దొరకనివి ముందు తీయండి. సినిమాలు ఆఖర్న, లేదా అసలు వద్దు. మౌస్‌తో లాగి కాపీ చేస్తే చెడ్డ చోట ఇరుక్కుని అంతా ఆగిపోతుంది. విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కాపీ కమాండ్ వాడండి, కానీ ఊరికే వాడొద్దు: చదవలేని ఫైలు తగిలితే అది మామూలుగా పది లక్షల సార్లు, ప్రతిసారికీ 30 సెకన్లు ఆగి, మళ్లీ ప్రయత్నిస్తుంది! అంత ఓపిక మన డిస్క్‌కు లేదు. కమాండ్ చివర స్లాష్ ఆర్ కోలన్ 0 (మళ్లీ ప్రయత్నించొద్దని; చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ వేరు), స్లాష్ డబ్ల్యూ కోలన్ 0 (ఆగొద్దని) చేర్చండి. లోపలి ఫోల్డర్ల కోసం స్లాష్ ఈ. చెడ్డది వదిలేసి ముందుకు పోతుంది.

డిస్క్ మరీ నీరసించి ఉంటే లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి జీఎన్‌యూ డీడీరెస్క్యూ నడపాలి. అది మంచి చోట్లు ముందు కాపీ చేసి, చెడ్డవాటి దగ్గరికి తర్వాత వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది, మధ్యలో కరెంటు పోయినా అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. పాత డిస్క్ అంతో, అంతకన్నా పెద్దదో ఖాళీ డిస్క్ కావాలి. ఏది పాతది, ఏది కొత్తదో సీరియల్ నంబరుతో సరిచూసుకున్నాకే ఎంటర్ నొక్కండి. తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి మీ డేటా మీద కూర్చుంటుంది.

చెరిపేసిన ఫైళ్ల సంగతి: హార్డ్ డిస్క్‌లో రిజిస్టర్లో పేరు కొట్టేస్తారంతే, ఆ గది ఇంకొకరికి ఇచ్చేదాకా మనిషి ఉంటాడు. ఎస్‌ఎస్‌డీలో అలా కాదు. ట్రిమ్ అనే ఏర్పాటు ఖాళీ అయిన గదులను తనే ఊడ్చేస్తుంది. అందులో చెరిగింది తిరిగి రావడం అరుదు. రికవరీ ప్రోగ్రాంల గురించి విడిగా ఒక పాఠం ఉంది.

ఈ వారం అభ్యాసం

బాగున్న కంప్యూటర్లోనే చేయండి. 05, సీ5, సీ6, సీ7, 09 విలువలు కాగితం మీద తేదీతో రాసి క్యాబినెట్ లోపలి వైపు అంటించండి. వచ్చే నెల పక్కన ఇంకో వరస రాయాలి. ఒక పెన్‌డ్రైవ్ నుంచి ఇంకోదానికి రోబోకాపీతో ఒక ఫోల్డర్ పంపి చూడండి. బయోస్‌లో సాటా మోడ్ ఏముందో ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి.

7వ పాఠంలో పాత డిస్క్‌లోని విండోస్‌ను ఉన్నదున్నట్టు ఎస్‌ఎస్‌డీకి మారుస్తాం. ఎస్‌ఎస్‌డీ కొనేముందు మీ మదర్‌బోర్డు మీద ఎమ్.2 స్లాట్ (చిన్న పలక లాంటి ఎస్‌ఎస్‌డీని నేరుగా బిగించే చోటు) ఉందో లేదో చూసుకోండి, లేకపోతే 2.5 అంగుళాల సాటా రకమే తీసుకోవాలి.