పాత వ్యాగన్ రోజూ స్టార్టవ్వాలంటే

పాత స్టేషన్ వ్యాగన్ (వెనక సామాను చోటు మీదాకా పైకప్పు సాగి, వెనక పైకి లేచే తలుపున్న కారు) కొన్నవాళ్లు మొట్టమొదట అడిగేది రంగు గురించి. నేను మాత్రం ముందు రబ్బరు, ఆ తర్వాత ఎర్తింగ్, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి చేరే దారి, చూడమంటాను. ఇనుము నలభై ఏళ్లు ఆగినా రబ్బరు ఆగదు. రాగి తీగ బాగానే ఉన్నా దాని కొసకు పట్టిన చిలుము కరెంటును ఆపేస్తుంది. దారిలో ఆగిపోయిన పాత బండ్లలో చాలావాటికి జబ్బు ఈ రెండింట్లోనే ఉంటుంది. నేను నడిపేది వోల్వో 240 వ్యాగన్, 1974 నుంచి 1993 దాకా తయారైన మోడల్. ఉదాహరణలు దాన్నుంచే ఇస్తాను. మీ బండి వేరే కంపెనీదైనా వరస ఇదే పెట్టుకోండి.

డబ్బు పెట్టేముందు బండి కిందికి దూరండి. జాకీ మీద నమ్మకంతో కాదు, స్టాండ్లు పెట్టి. స్క్రూడ్రైవర్ పిడితో సిల్స్ (తలుపుల కింది బాడీ అంచులు), జాకీ పెట్టే చోట్లు, వెనక సస్పెన్షన్ బిగించిన చోట్లు తట్టుకుంటూ వెళ్లండి. ఖంగున మోగితే మంచిది, మొద్దుగా పలికితే అక్కడ లోపల తుప్పు తినేసినట్టు. స్పేర్ టైరు తీసి దాని గుంటలో నీళ్లు నిలిచిన మరకలున్నాయేమో చూడండి. బాడీకి బలమిచ్చే చోట తుప్పుంటే వెల్డింగ్ అయ్యేదాకా మిగతా పనేదీ మొదలుపెట్టకండి.

తర్వాత బ్రేకులు. చక్రాల దగ్గరి రబ్బరు గొట్టాలు బయటికి నిగనిగలాడుతూ కనిపిస్తాయి కానీ లోపల ఉబ్బిపోతాయి. పెడల్ వదిలాక కూడా ఒక చక్రం పట్టేసి వేడెక్కుతోందంటే చాలాసార్లు బ్రేకు ప్యాడ్లను నొక్కే కాలిపర్‌తో పాటు ఈ గొట్టానిదీ తప్పు ఉంటుంది. అన్నీ ఒకేసారి మార్చండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది కాబట్టి పాతదంతా తీసేసి కొత్తది పోసి, రెండేళ్లకోసారి మార్చుతూ ఉండండి. టైరు గీతలు లోతుగా ఉన్నాయని మోసపోవద్దు. పక్కన ఉండే నాలుగంకెల కోడ్ చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం. పదేళ్లు దాటిన టైరును ఎంత కొత్తగా కనిపించినా తీసేయాల్సిందే.

ఇంజన్‌లో కూలెంట్ గొట్టాలు, థర్మోస్టాట్, రేడియేటర్ మూత, ఫ్యాన్ బెల్టు ఒక్క దెబ్బలో మార్చేయండి. టైమింగ్ బెల్టు (ఇంజన్ వాల్వులను సరైన వేళకు కదిపే బెల్టు) ఎప్పుడు వేశారో కాగితం మీద లేకపోతే వేయనట్టే లెక్క. 240లో దాన్ని 80 వేల కిలోమీటర్లకు మార్చాలి. ఇంజన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే బ్రీదర్ దారిలో ఉండే ఫ్లేమ్ ట్రాప్ చిన్న ప్లాస్టిక్ ముక్కే, కానీ అది మూసుకుపోతే క్రాంక్‌కేసులో, అంటే ఇంజన్ అడుగు పెట్టెలో, ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లు కారడం మొదలవుతుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీయండి. పొగ ఉఫ్ ఉఫ్‌మని ఎగదన్నితే సీలు కొనేముందు ఆ ట్రాప్ శుభ్రం చేయండి. ఇంధన గొట్టాలు, ఫిల్టరు కూడా కొత్తవి వేయండి. కారు కింద మెయిన్ పంపు గట్టిగా రొద పెడుతోందంటే ట్యాంకులో ఉండే చిన్న పంపు చచ్చిపోయి, భారమంతా దీని మీద పడి ఉండొచ్చు.

ఇక కరెంటు పని. ఇక్కడ తొందరపడకండి. 1980 నుంచి 1987 దాకా వచ్చిన 240లలో ఇంజన్ వైరింగ్ మీది తొడుగు వేడికి పెళుసెక్కి, వేలితో వంచితే చాలు పొడిపొడిగా రాలిపోతుంది. అలా రాలితే టేపు చుట్టి సరిపెట్టకండి, మొత్తం హార్నెస్ (తీగల కట్ట) మార్చండి. ఇంజన్ దగ్గర రెండు తీగలు తాకితే ఏ ఫ్యూజు పోతుందో, ఏ కంప్యూటర్ పోతుందో ఎవరూ చెప్పలేరు.

ఎర్తింగ్‌ను అంచనాతో కాదు, మల్టీమీటర్‌తో చూడాలి. హెడ్‌లైట్లు వేసి, మీటర్ నల్ల తీగ బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్ర తీగ లైటు ఎర్త్ పిన్ను మీద పెట్టండి. 0.2 వోల్టులు దాటితే దారిలో ఎక్కడో చిలుముంది. ఆ బోల్టు విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి, పళ్ల వాషర్ వేసి బిగించి, పైన కాస్త వ్యాజిలిన్ రాయండి. ఫ్యూజు పెట్టెలోని పాత రకం ఫ్యూజుల కొసలు కూడా ఇలాగే చిలుము పడతాయి. వేలితో తిప్పితే లైటు వెలుగుతుంది, వారానికి మళ్లీ ఆరిపోతుంది. బ్యాటరీ తీగ తీసేసి క్లిప్పులను సన్నటి ఎమరీతో రుద్ది, కొంచెం లోపలికి వంచి, కొత్త ఫ్యూజులు వేయండి. ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టులు రావాలి.

వ్యాగన్‌కే ప్రత్యేకమైన జబ్బు వెనక తలుపుది. అది లేచి పడుతున్న ప్రతిసారీ తలుపు బందు దగ్గర తీగలు మడత పడతాయి. వెనక వైపర్, నంబరు ప్లేటు లైటు, అద్దం హీటర్ ఒకటొకటిగా మానేశాయంటే మోటారును అనుమానించే ముందు ఆ రబ్బరు తొడుగు వెనక్కి లాగి చూడండి. పైకి బాగున్న తొడుగులో రాగి తెగి ఉంటుంది. సన్నటి పోగులున్న మెత్తటి సిలికాన్ తీగ వేయండి, అతుకు మాత్రం మడత పడే చోట పెట్టకండి.

ఆ తలుపు సీలును తేలిగ్గా తీసుకోవద్దు. వ్యాగన్ పరుగెడుతుంటే వెనక గాలి ఒత్తిడి తగ్గి, పొగగొట్టం నుంచి వచ్చే వాయువులు సందు దొరికితే లోపలికి వస్తాయి. అందులో వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వెనక పిల్లలు కూర్చుంటారు. కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగండి. ఎక్కడ జారి వస్తే అక్కడ సీలు చచ్చినట్టే. ఎగ్జాస్ట్ అతుకులు కూడా అప్పుడే చూసేయండి.

షాక్ అబ్జార్బర్లు, సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు బుష్‌లు జతలుగా మార్చండి. సామాను ఎక్కువ మోసేవాళ్లు వెనక స్ప్రింగుల ఎత్తు కూడా కొలవాలి.

మొదటి నెల ఇంటికి దగ్గరలోనే తిప్పండి. పొద్దున బండి కింద అట్టముక్క పరిచి చుక్కలు ఏ రంగువో, ఎక్కడ పడ్డాయో రాసుకోండి. ఒకసారి ఒక్కటే సరిచేయండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. దూరం వెళ్లేటప్పుడు డిక్కీలో ఫ్యూయల్ పంపు రిలే (పంపుకు కరెంటు ఇచ్చే చిన్న స్విచ్చు), ఫ్యాన్ బెల్టు, రెండు గొట్టం క్లిప్పులు, ఫ్యూజులు, టార్చి, బెల్టుకు సరిపడే స్పానర్లు పెట్టుకోండి. రిలే ఎక్కడుందో ముందుగానే ఒకసారి చేత్తో తీసి పెట్టి చూసుకోండి, చీకట్లో వెతకాల్సి వస్తే అప్పుడు వేలికి దొరుకుతుంది.