కొత్త నీరు వచ్చే ముందు: చేపలు, నత్తల్లో చేరే లోహాల గురించి జాగ్రత్తలు

ఎండలకు చెరువులు, వాగులు అడుగంటుతాయి. తొలి వానలకు కొత్త నీరు రాగానే చేపలవేట మొదలవుతుంది. ఎగువన గనులో, లోహాల ఫ్యాక్టరీలో, పాత బ్యాటరీలు కరిగించే చోట్లో ఉంటే అప్పుడే మరీ జాగ్రత్తగా ఉండాలి. అడుగు బురదలో గంధకంతో కలిసి కదలకుండా ఉన్న కాడ్మియం, జింక్, రాగి ఎండాకాలం గాలి తగిలి విడివడతాయి. తొలి వరద వాటిని నీళ్లలోకి కడిగేస్తుంది. నీళ్లు తేటగా ఉన్నాయి కదా అని ధైర్యపడకండి. కరిగిన లోహం కంటికి కనపడదు, వాసన రాదు.

నీటి పరీక్ష రిపోర్టు బాగుందని ఊరుకోవడం కూడా తప్పేనంటాను. నీళ్లలో లెక్కకు రానంత తక్కువగా ఉన్న మిథైల్ పాదరసం, వేటాడే చేప కండలోకి చేరేసరికి పది లక్షల రెట్లు కూడా పెరగగలదు. బురదలోని బ్యాక్టీరియా మామూలు పాదరసాన్ని ఈ రూపంలోకి మారుస్తుంది. దాన్ని నాచు పీల్చుకుంటుంది. నాచును పురుగులు, పురుగుల్ని చిన్న చేపలు, వాటిని పెద్ద చేపలు తింటాయి. ఒంట్లోకి వచ్చినంత వేగంగా అది బయటికి పోదు. అందుకే అనుమానం ఉన్న నీళ్లలో పట్టినవాటిలో ముదురు చేపల్ని, సాటి చేపల్ని తిని బతికేవాటిని పక్కన పెట్టేయండి. నాచు మేసే చిన్న చేపలు నయం. కొత్తగా నిండిన రిజర్వాయర్లలోనూ కొన్నేళ్లు ఇదే జాగ్రత్త కావాలి. మునిగిన చెట్టూ చేమా కుళ్లి ఆ బ్యాక్టీరియాకు మేతవుతాయి.

ఫ్యాక్టరీ మూతపడింది కాబట్టి భయం లేదనే మాట నమ్మకండి. కెనడాలో వాబిగూన్ నదిలోకి 1960ల్లో ఒక రసాయన కర్మాగారం పాదరసం వదిలింది. 1970లో అక్కడ చేపల వ్యాపారం ఆపించారు. అర్ధ శతాబ్దం దాటినా ఆ చేపల్లో పాదరసం ఎక్కువగానే ఉంది.

పాదరసం వంటతో పోదు. కండలోని ప్రోటీన్‌నే అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి కొవ్వు తీసినా, చర్మం ఒలిచినా, ఎంతసేపు ఉడికించినా అలాగే ఉంటుంది. వేయిస్తే నీరు ఇగిరిపోయి, అంతే బరువున్న ముక్కలో ఇంకాస్త ఎక్కువే ఉంటుంది.

కాడ్మియం సంగతి వేరు. చేపలో అది కండకంటే కాలేయం, మూత్రపిండాల్లో ఎక్కువగా చేరుతుంది. నత్తలు, ఆల్చిప్పలు, పీతల్లోనైతే ఇంకా ఎక్కువ. పీత డొప్ప విప్పగానే కనిపించే పసుపుపచ్చ మెత్తని ముద్ద దాని జీర్ణగ్రంథి. నత్తలో అది చుట్ట చివర ఉంటుంది. ఆ భాగాలు తీసి పారేయండి. నత్తల్ని రాత్రంతా మంచినీళ్లలో ఉంచితే కడుపులో బురద పోతుంది, నిజమే. కణాల్లో ఇంకిన కాడ్మియం మాత్రం వారాలు, నెలలు గడిచినా పూర్తిగా పోదు. మన మూత్రపిండాల్లో చేరితే సగానికి తగ్గడానికే 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది.

సీసం కాల్షియం వెళ్లే దారినే వెళ్లి ఎముకల్లో, పొలుసుల్లో స్థిరపడుతుంది. పాదరసం విషయంలో నయమన్న చిన్న చేపల్నైనా అనుమానం ఉన్న నీళ్లలో పట్టినవైతే తల, మొప్పలు తీసేయండి, ముళ్లతో సహా నమలొద్దు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లల విషయంలో రాజీ పడొద్దు. మిథైల్ పాదరసం మాయను దాటి బిడ్డ మెదడుకు చేరుతుంది. తల్లి రక్తంలో అది సగానికి తగ్గడానికి సుమారు 50 రోజులు కావాలి. కాబట్టి పిల్లల కోసం అనుకుంటున్నవాళ్లు కొన్ని నెలల ముందే అనుమానం ఉన్న నీళ్లలోని చేపలు మానేయాలి. చేపలే మానక్కర్లేదు, ఎక్కడివో తెలిసినవి తినండి.

చేపల్ని ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే పాదరసానికి కండ, కాడ్మియానికి కాలేయం విడివిడిగా ఇవ్వండి. చేప పొడవు, బరువు రాసిపెట్టండి. రిపోర్టులో అంకె తడి బరువుకా, ఎండు బరువుకా అని తప్పకుండా అడగండి. చేపలో ముప్పావు వంతు నీరే కాబట్టి ఎండు బరువు లెక్క నాలుగైదు రెట్లు పెద్దగా కనిపిస్తుంది. తినడానికి పెట్టే పరిమితులు సాధారణంగా తడి బరువు మీద ఉంటాయి.