ఎక్సెల్‌లో రంగుల పటం – 3: ఇటుక రంగు నీలంగా ఎందుకు మారింది?

పోయిన పాఠంలో 56 రంగుల పటం అయ్యాక, "మీకు నచ్చిన రంగు ఒకటి చేర్చుకోండి" అని ఒక్క ముక్క అనేసి ఊరుకున్నాను. తప్పు నాదే. ఏదో వెబ్ పేజీలో ఇటుక రంగు కోడ్ 993300 చూసి మాక్రోలో (ఎక్సెల్ చేత పనులు చేయించే చిన్న ప్రోగ్రామ్‌లో) పెట్టినవాళ్లకు ముదురు నీలం వచ్చింది. ప్రింటర్‌ని తిట్టినవాళ్లున్నారు, ఇంకు మార్చినవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఈ రోజు పాఠం కాసేపు ఆగాలి.

వెబ్ కోడ్‌లో ఎడమ నుంచి రెండేసి అంకెలు ఎరుపు, పచ్చ (ఆకుపచ్చ), నీలం. మాక్రో మాత్రం రంగును ఒకే సంఖ్యగా దాచుకుంటుంది: ఎరుపు + పచ్చ × 256 + నీలం × 65536. అంటే ఎరుపు ఒకట్ల స్థానంలో, కుడి చివర ఉంటుంది. 993300కి ముందు &హెచ్ (ఇది పదహారు ఆధారంగా రాసిన సంఖ్య అని చెప్పే గుర్తు) తగిలించి అలాగే పెడితే ఆ 99 వెళ్లి నీలం ఖాతాలో పడుతుంది. సరిగ్గా రావాలంటే రెండేసి అంకెల జతలుగా తిరగేసి 003399 అని రాయాలి. "నాకు బాగానే వచ్చిందే" అన్నవాళ్లు 808080తో చూసి ఉంటారు. ఆ బూడిద రంగు వికటకవి లాంటిది, జతలుగా ఎటు నుంచి చదివినా ఒకటే. దాంతో పరీక్షించి ధీమాగా ఉండకండి.

నేనైతే ఈ తిరగేతల జోలికే పోను. వెబ్ కోడ్ పదహారు ఆధారంగా రాసేది కాబట్టి 99 అంటే 9 × 16 + 9 = 153, 33 అంటే 51. గడి లోపలి రంగును పట్టుకునే ఇంటీరియర్.కలర్‌కి ఆర్‌జీబీ(153, 51, 0) అని, అంటే ఎరుపు, పచ్చ, నీలం వరసలో, ఇచ్చేస్తాను. కలర్‌ఇండెక్స్‌కి కాదు సుమా, అది నంబరుతో పిలిచే ఆ 56 రంగులకే.

ఇక పటం. ఒకదానిలో ఒకటిగా మూడు ఫర్ లూపులు (లెక్కపెడుతూ ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించేవి), ఎరుపు, పచ్చ, నీలాలకు ఒక్కొక్కటి, 0 నుంచి 5 దాకా. వరస = ఎరుపు × 6 + పచ్చ + 1, కాలమ్ = నీలం + 1. ప్రతి మెట్టునూ 51తో గుణించి ఆర్‌జీబీకి ఇవ్వండి. 36 వరసల్లో 216 రంగులు, ఒక ఏ4 కాగితం మీద పడతాయి. గుణించగా వచ్చిన ఆ మూడు సంఖ్యలూ గడిలో రాయించండి. పచ్చ 153 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే నల్ల అక్షరాలు, లేకపోతే తెల్లవి. ఇది నా అడ్డదారి, లేత గులాబీల దగ్గర కొంచెం తడబడుతుంది. మాక్రో నడిచాక కంట్రోల్ జెడ్ పనిచేయదు, ఖాళీ షీట్‌లోనే నడపండి. పేజీ సెటప్‌లో 'బ్లాక్ అండ్ వైట్' టిక్ ఉంటే గడులన్నీ తెల్లగానే వస్తాయి. నేను ఓసారి పది కాగితాలు అలాగే పారేశాను.

అభ్యాసం: పటాన్ని ప్రింట్ తీసి, పగటి వెలుతురులో స్క్రీన్ పక్కన పెట్టి, 216 గడులూ ఒక్కొక్కటిగా పోల్చండి. తేడా కొట్టినవాటికి పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ముందు 0, 0, 255 చూడండి, చాలా ప్రింటర్లలో అది ఊదా వైపు జారుతుంది. ఆ కాగితం దాచుకోండి, వచ్చే పాఠం దానితోనే.