కుడి చెయ్యి పడిపోయిన మనిషికి ఇంట్లో ఏమేం సర్దుకోవాలి

మా నాయినకు పక్షవాతం (స్ట్రోక్) వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి రెండేళ్లు దాటింది. మాట కూడా పోయింది. నేను బోరబండలో అద్దెకుంటూ బట్టలు కుడతాను. నాయిన, అమ్మ పరిగి దగ్గర ఊళ్లో ఉంటారు. హైదరాబాద్ ఆసుపత్రిలో ప్రాణం దక్కింది. కానీ ఇంట్లో ఎలా లేపాలో, ఎలా తినిపించాలో మాకు ఎవరూ చూపించలేదు. మేం చేసిన తప్పులు మీరు చేయొద్దని రాస్తున్నాను.

ముందు చెయ్యి సంగతి. పడిపోయిన చెయ్యి పట్టుకుని ఎప్పుడూ లాగొద్దు. మేం నెల రోజులు అలాగే లేపాం. భుజం కీలు జారి, రాత్రిళ్లు నాయిన ఏడ్చేవాడు. నడుముకు గట్టి చున్నీ కట్టి, అది పట్టుకుని లేపండి. కూర్చున్నప్పుడు ఆ చేతి కింద దిండు ఉండాలి, వేలాడకూడదు. చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. గడప ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు పడిపోయిన కాలు ముందు.

నులక మంచం కుంగుతుంది, అందులోంచి లేవలేరు. మోకాలి ఎత్తున్న చెక్క మంచం వేయండి. మాకు మరుగుదొడ్డి పెరట్లో ఉంది. అక్కడి దాకా పట్టుకుని నడవడానికి వెదురు బొంగులు కట్టాం, మొదట ఒక పక్కనే. వెళ్లేటప్పుడు ఎడమ చేతికి అందిన బొంగు, తిరిగి వచ్చేటప్పుడు కుడి పక్కకు పోయింది! రెండు పక్కలా కట్టండి. గొంతుక్కూర్చోలేరు కాబట్టి వెల్డింగ్ షాపులో ఇనుప కుర్చీకి మధ్యలో ఖాళీ పెట్టించి, మరుగుదొడ్డి మీద వేశాం.

మాకు అన్నిటికంటే కష్టమైంది తిండి. గొంతు బలహీనమైతే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తాగాక దగ్గు వచ్చినా, గొంతు గురగురమన్నా డాక్టరుకు చెప్పండి. పడుకోబెట్టి ఏదీ పోయొద్దు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, చిన్న ముద్దలు పెట్టాలి. తిన్నాక అరగంట కూర్చోనే ఉండాలి. పడిపోయిన వైపు బుగ్గలో మెతుకులు ఉండిపోతాయి, వేలికి గుడ్డ చుట్టి తీయండి.

అమ్మ తినిపిస్తుంటే నాయినకు సిగ్గు. ఎడమ చేత్తో తినమంటే మొహం తిప్పేసుకున్నాడు. కడుక్కునే చేత్తో అన్నం ఎలా ముడతాడు? రెండు వారాలు సగం కడుపుతోనే ఉన్నాడు. ఆ మాట నోటితో చెప్పలేడు, మాకేమో అర్థం కాలేదు. చివరికి చెంచా పిడికి పాత గుడ్డ లావుగా చుట్టి ఎడమ చేతికిచ్చాం. అంచున్న పళ్లెం కింద తడి గుడ్డ వేశాం, జరగకుండా. అతని కళ్లముందే సబ్బుతో ఆ చెయ్యి కడిగాం. ఆ రోజు పెసరపప్పు అన్నం అంతా తనే తిన్నాడు. మీ ఇంట్లో కూడా తినను అంటే ఆకలి లేదనుకోకండి, ముందు ఈ సంగతి చూడండి.

మాట పోయినవాళ్లలో చాలామందికి మనం అనేది ఎంతో కొంత అర్థమవుతుంది. అరవొద్దు. ఒక్కో ప్రశ్నే అడగండి, అవునో కాదో తల ఊపితే సరిపోయేలా.

పావురం రక్తం రాస్తే తగ్గుతుందని చెప్పేవాళ్లు వస్తారు, ఆ డబ్బుతో మందులు కొనండి. ఒంట్లో బాగుందని బీపీ మాత్ర మానేస్తే మళ్లీ స్ట్రోక్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఉప్పు ఎక్కువుండే ఆవకాయ, అప్పడాలు తగ్గించండి. చెకప్‌కు నాయిన, అమ్మ హైదరాబాద్‌కు మెహదీపట్నం బస్సులో వస్తారు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి నాయిన టికెట్ ఒక్కటే ఖర్చు. ప్రభుత్వ వైకల్య సర్టిఫికెట్‌లో 40 శాతం వైకల్యం వస్తే, తెలంగాణలో నెలకు 4,016 రూపాయల పింఛనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

నాయినకు పొద్దున మూతి వంకరపోతే మేం సాయంత్రం దాకా ఆగాం. మెదడులో రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ స్ట్రోక్ మొదలైన నాలుగున్నర గంటల లోపే, అదీ స్కాన్ చూశాకే ఇస్తారు. మూతి వంకరపోయినా, చెయ్యి జారిపోయినా, మాట తడబడినా వెంటనే ఫోన్ చేయాలి. మంచం పక్క గోడ మీద 108 అని పెద్దగా రాశాం. అమ్మకు చదువు రాదు, అంకెలు వస్తాయి.