టర్బో కారుకి ఆయిల్, ఫిల్టర్ ఎంచుకునేటప్పుడు నేను చూసేవి

టర్బో (ఎగ్జాస్ట్ వాయువులతో తిరిగి ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే పరికరం) ఉన్న కారుకి ఏ ఆయిల్ పోయాలని ఎవరడిగినా నా మొదటి ప్రశ్న ఒకటే: ఓనర్స్ మాన్యువల్‌లో ఆయిల్ పేజీ తీసి చూశారా? చాలామంది అక్కడ 5డబ్ల్యూ-30 అన్న గ్రేడ్ చూసి పుస్తకం మూసేస్తారు. అసలు సంగతి దాని పక్కనే ఉంటుంది. ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ప్రమాణం ఎస్‌పీ అనో, ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) ప్రమాణం సీ3 అనో, కొన్ని కార్లకైతే ఫోక్స్‌వ్యాగన్ 504 00 లాంటి కంపెనీ సొంత అప్రూవల్ నంబరో రాసి ఉంటుంది. గ్రేడ్ చెప్పేది చిక్కదనం గురించే. రెండు డబ్బాల మీదా 5డబ్ల్యూ-30 అని ఉన్నా లోపలి ఆయిల్స్‌కి పోలిక లేకపోవచ్చు.

టర్బోకి ఈ పట్టింపు ఎందుకంటే, దాని షాఫ్ట్ నిమిషానికి లక్షన్నర సార్లకు పైగా తిరగగలదు. చాలా టర్బోల్లో ఆ షాఫ్ట్‌ని మోసేది పలచటి ఆయిల్ పొరే. పక్కనే ఎగ్జాస్ట్ సెగ, పెట్రోల్ ఇంజన్లలో అది 900 డిగ్రీల సెల్సియస్ కూడా దాటగలదు. ఆ వేడికి తట్టుకోలేని ఆయిల్ మాడి, నల్లగా గట్టిపడి, టర్బోకి ఆయిల్ తెచ్చే సన్నటి పైపులో పేరుకుపోతుంది. అందుకే నేను ఫుల్ సింథటిక్ తప్ప వేరేది తీసుకోమని చెప్పను.

చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్లకి, ముఖ్యంగా డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే) వాటికి, ఇంకో గండం ఉంది. తక్కువ ఆర్‌పీఎంలో పెద్ద గేర్ వేసి గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే, స్పార్క్ ప్లగ్ మెరవకముందే పెట్రోల్-గాలి మిశ్రమం అంటుకునే ప్రమాదం ఉంటుంది. దీన్నే ఎల్‌ఎస్‌పీఐ (లో-స్పీడ్ ప్రీ-ఇగ్నిషన్) అంటారు. పిస్టన్ పగిలేంత దెబ్బ అది. ఆయిల్‌లో కాల్షియం డిటర్జెంట్లు (ఇంజన్‌ని శుభ్రంగా ఉంచే రసాయనాలు) ఎక్కువైతే ఈ బెడద పెరుగుతుందని తేలాక కొత్త ప్రమాణాలు వచ్చాయి: 2018లో ఏపీఐ ఎస్‌ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ. ఇలాంటి ఇంజన్‌కి, వీటికి ముందున్న పాత ప్రమాణం ఎస్‌ఎన్ అని మాత్రమే ఉన్న డబ్బాని నేను తిరిగి షెల్ఫులో పెట్టేస్తాను.

డీపీఎఫ్ (ఎగ్జాస్ట్‌లోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్ అయితే బూడిద తక్కువగా మిగిల్చే ఆయిల్ కావాలి. మసిని డీపీఎఫ్ కాల్చేసుకుంటుంది కానీ ఆయిల్ బూడిద కాలదు, అందులోనే ఉండిపోతుంది. సీ3 ఆయిల్స్‌లో ఈ బూడిద 0.8 శాతం మించకూడదు.

డబ్బా వెనక చిన్న అక్షరాలు కూడా ఓపిగ్గా చదవండి. ‘అప్రూవ్డ్’ అంటే కార్ల కంపెనీ పరీక్షించి ఒప్పుకున్నట్టు. ‘సూటబుల్ ఫర్’ అంటే ఆయిల్ తయారుచేసినవాళ్ళు తమంతట తాము చెప్పుకుంటున్నట్టు. వారంటీలో ఉన్న కారుకైతే మొదటిదే చూసుకోండి. టర్బో కదా, ఇంకాస్త చిక్కటిది పోద్దాం అనే సలహా మాత్రం వినకండి. 0డబ్ల్యూ-20 అని మాన్యువల్‌లో ఉంటే ఆ ఇంజన్‌ని దానికి తగ్గట్టే తయారుచేశారు.

ఇక ఫిల్టర్. కొత్త ఫిల్టర్‌ని తిరగేసి చూడండి. మధ్యలో మరలున్న పెద్ద రంధ్రం, చుట్టూ చిన్న రంధ్రాలు. ఆ చిన్న రంధ్రాల్లోంచి తొంగిచూస్తే రబ్బరు పొర కనిపిస్తుంది. ఇంజన్ ఆపాక ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపేది అదే. ఫిల్టర్ అడ్డంగా గానీ తలకిందులుగా గానీ బిగించే ఇంజన్లలో ఈ పొర బిరుసెక్కితే, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు టర్బోకి ఆయిల్ ఆలస్యంగా అందుతుంది. మామూలు నైట్రైల్ రబ్బరు కంటే సిలికాన్ పొర వేడికి మెత్తదనం పోగొట్టుకోదు కాబట్టి నేను దానివైపే మొగ్గుతాను.

మరలు సరిపోయాయి కదా అని ఏ ఫిల్టర్ పడితే అది బిగించకండి. లోపల బైపాస్ వాల్వ్ (ఫిల్టర్ మూసుకుపోతే ఆయిల్‌ని పక్కదారిలో పంపేది) ఎంత ప్రెషర్‌కి తెరుచుకోవాలన్నది ఇంజన్‌ని బట్టి మారుతుంది. పార్ట్ నంబరే కొలమానం. పాత ఫిల్టర్ విప్పగానే దాని రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుపోయిందేమో వేలితో తడిమి చూడండి. దాని మీదే కొత్తది బిగిస్తే ప్రెషర్‌కి ఆయిల్ మొత్తం బయటికి చిమ్మేస్తుంది. కొత్త రింగుకి కాస్త ఆయిల్ రాసి, అది తగిలాక చేత్తో ముప్పావు చుట్టు తిప్పితే సాధారణంగా సరిపోతుంది. ఫిల్టర్ మీద వేరే కొలత రాసి ఉంటే అదే పాటించండి. డ్రైన్ ప్లగ్ వాషర్ కూడా కొత్తదే వేయండి.

ఎయిర్ ఫిల్టర్‌ని వదిలేయకండి. అది దాటి వచ్చే సన్నటి దుమ్ము టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ రెక్కల అంచుల్ని అరగదీస్తుంది.

కారు ఎక్కువగా దగ్గరి దూరాలకే తిరుగుతుంటే కిలోమీటర్ల కోసం ఎదురుచూడొద్దు, నెలల లెక్కన మార్చేయండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కక పెట్రోల్ ఆయిల్‌లోకి చేరుతుంది. డిప్‌స్టిక్ మీద లెవెల్ పెరిగి, పెట్రోల్ వాసన వస్తుంటే ఆ ఆయిల్ పని అయిపోయినట్టే.

ఆయిల్ మార్చాక మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ప్రెషర్ లైట్ ఆరేదాకా యాక్సిలరేటర్ ముట్టుకోవద్దు. కాసేపు ఐడిల్‌లో ఉంచి, ఫిల్టర్ చుట్టూ తడి ఉందేమో చూసి, ఇంజన్ ఆపండి. ఆయిల్ కిందికి దిగడానికి కొన్ని నిమిషాలు ఆగి, చదునైన చోట డిప్‌స్టిక్ చూసి, తగ్గినంత మాత్రమే పోయండి. గరిష్ఠ గీత దాటనివ్వకండి.